అచ్చాఫీసు చిరునామాకు వచ్చిన ఉత్తరాలు

విజయవాడ ఏలూరు రోడ్డు మీద పుస్తకాల షాపులు, గవర్నరుపేట సందుల్లో అచ్చాఫీసులు, రైల్వేస్టేషన్ దగ్గర రైల్వే టపా (ఆర్.ఎం.ఎస్.) ఆఫీసు. గడిచిన శతాబ్దంలో తెలుగు పుస్తకం చాలావరకు ఈ మూడింటి మధ్యే పుట్టింది. రాసేవాళ్లు ఊళ్లోనే ఉండాలన్న నియమమేమీ లేదు. ఒకరు మద్రాసులో, ఒకరు విశాఖలో, మరొకరు తిరువణ్ణామలైలో, ఇంకొకరు ఏ పల్లెటూరి బడిలోనో ఉండేవారు. రాతప్రతి రిజిస్టర్డ్ పోస్టులో విజయవాడ చేరేది. అక్కణ్ణుంచి అట్ట కట్టి బయటికొచ్చేదాకా రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య నడిచిందంతా కార్డుల మీద, ఇన్‌లాండ్ కవర్ల మీదే నడిచింది. బెజవాడ పుస్తకాల చరిత్ర రాయాలంటే ముందు ఆ ఉత్తరాలు చూడాలి. అవి మనకు దక్కింది బహు తక్కువ.

మనకు లేఖాసాహిత్యం లేక కాదు. గురజాడ ఒంగోలు మునిసుబ్రహ్మణ్యానికి రాసిన ఉత్తరాలున్నాయి. గురజాడ లేఖలనూ దినచర్యలనూ అవసరాల సూర్యారావు సంపాదకత్వంలో అచ్చు వేసింది విజయవాడలోని విశాలాంధ్ర ప్రచురణాలయమే. చలం చింతా దీక్షితులుకు రాసిన ఉత్తరాలు తరతరాల పాఠకులు చదివారు. దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ ప్రపంచం నలుమూలలకూ రాసిన లేఖలు సంపుటాలుగా వచ్చాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం స్నేహితులకు రాసినవి. స్నేహితుడు ఉత్తరాన్ని జ్ఞాపకంగా దాచుకుంటాడు. ప్రచురణకర్త దాన్ని ఫైల్లో గుచ్చుతాడు. పుస్తకం అమ్ముడుపోయి లెక్క తేలాక ఆ ఫైలుకు పని ఉండదు. కొన్నేళ్లకు షాపు మారుతుంది, కొడుకులు వేరే వ్యాపారంలోకి వెళతారు, కట్టలు కాటాకు పోతాయి.

స్నేహితుడితో రచయిత తన గురించి చెప్పుకుంటాడు, ప్రచురణకర్తతో పుస్తకం గురించి మాట్లాడతాడు. ఏ అధ్యాయం ఎందుకు తీసేశారు, పేరు ఎవరు మార్చారు, ముందుమాట ఎవరిచేత రాయించాలనుకున్నారు, పోలీసులకు భయపడి ఏ వాక్యం మెత్తబరిచారు, వెయ్యి కాపీలు వెయ్యాలా రెండువేలా, డబ్బు ఇచ్చారా ఎగ్గొట్టారా. సాహిత్య చరిత్రల్లో మనం ఊహతో పూడ్చుకుంటున్న ఖాళీలన్నిటికీ జవాబులు ఆ కాగితాల్లో ఉండేవి. అందుకే ఈ నష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

ఉత్తరాలు దాస్తే ఏం జరుగుతుందో కృష్ణా తీరంలోనే ఒక ఉదాహరణ ఉంది. సి.పి.బ్రౌన్ 1820లలో మచిలీపట్నంలో ఉద్యోగం చేశాడు. తెలుగు పద్యం మీద అతని ఆసక్తి ముదిరింది ఆ రోజుల్లోనే. పండితులను జీతమిచ్చి పెట్టుకుని తాళపత్రాలు సేకరించాడు, ప్రతులు రాయించాడు, పాఠాలు సరిచూయించాడు. ఈ పనిలో వచ్చిన ఉత్తరాలను బ్రౌన్ పారేయలేదు. పండితులూ గుమాస్తాలూ ఇతరులూ రాసిన వాటిని భద్రం చేశాడు. అవి చివరికి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. నూటపాతికేళ్లు పైబడ్డాక, 1970 దశకంలో, పరిశోధకుడు బంగోరె వాటిని వెతికి పట్టుకుని బ్రౌన్ లేఖలుగా వెలికితెచ్చాడు. మనం చదువుకునే వేమన, మన నిఘంటువులు, మన ప్రబంధాల శుద్ధప్రతుల వెనక ఎవరెవరి చెమట ఉందో, ఎవరికి ఎంత జీతం ముట్టిందో ఆ లేఖల వల్లనే ఇంత దగ్గరగా తెలిసింది. బ్రౌన్‌ను నేటి అర్థంలో ప్రచురణకర్త అనలేం. అయినా రాతప్రతికీ అచ్చుకూ నడుమ నిలబడి డబ్బు పెట్టినవాడు అతనే.

బ్రౌన్ తర్వాత చాలాకాలం తెలుగు అచ్చుకు రాజధాని మద్రాసే. 1854లో మొదలైన వావిళ్ల వారి సంస్థ అక్కడిదే. నాటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలి పెట్టింది హైదరాబాదులో, అది తర్వాత తరలింది మద్రాసుకు. చందాదారులను చేర్చుకుని టపాలో పుస్తకం పంపే పద్ధతికి ఆ మండలి గట్టి పునాది వేసింది. పాఠకుడి చిరునామా ప్రచురణకర్త దగ్గర ఉండటం మొదలైంది. తర్వాతి రోజుల్లో బెజవాడ ప్రచురణకర్తలు బతికింది ఈ చిరునామాల పుస్తకం మీదే.

బెజవాడకు పుస్తకం ఎందుకొచ్చింది? 1855లో ఆనకట్ట పూర్తయింది, కాలువలు తవ్వారు, పడవలు నడిచాయి. 1890లలో కృష్ణ మీద రైలు వంతెన పడింది. మద్రాసు, కలకత్తా, హైదరాబాదు దారులు కలిసే కూడలి అయింది ఊరు. మాగాణి డబ్బు, చదువుకున్న రైతు కుటుంబాలు, వాటి వెనకే రాజకీయాలు వచ్చాయి. పుస్తకం కొనే పాఠకుణ్ణి తయారుచేసింది మాత్రం గ్రంథాలయోద్యమమే అంటాను. 1911లో రామమోహన ధర్మపుస్తక భాండాగారం ఏర్పడింది. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ బెజవాడలోనే జరిగింది. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా పడమటి డెల్టా కాలువల్లో పడవ గ్రంథాలయం నడిపించారు. పడవెక్కిన ప్రయాణికుడు దిగేలోపు చదువుకునేందుకు పుస్తకాలు! అలాంటి నేల మీద ప్రచురణ సంస్థ పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి.

ఈ దశలోని అతి పెద్ద కథ మాలపల్లిది. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో రాసిన నవలను 1922లో బెల్లంకొండ రాఘవరావు అచ్చు వేశారు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కొన్ని భాగాలు తీసేశాక 1928లో అనుమతి దొరికింది. 1936లో మళ్లీ నిషేధించారు, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఎత్తేసింది. అంత సాహసం చేసిన ప్రచురణకర్తకూ జైలు నుంచి వచ్చిన రచయితకూ మధ్య ఎన్ని ఉత్తరాలు నడిచి ఉండాలి? ఈ నిషేధాల కథను కూడా వెలికితీసింది బంగోరే. 1979లో ‘మాలపల్లి నవలపై ప్రభుత్వ నిషేధాలు’ అని ఒక పుస్తకమే రాశాడు. దానికి పునాది ప్రభుత్వ దస్తావేజులు. నవలను తొక్కిపెట్టిన సర్కారు తన కాగితాలను భద్రంగా ఉంచుకుంది. నవలను నెత్తికెత్తుకున్న మనం మన కాగితాలను పోగొట్టుకున్నాం. ఈ మాట రాస్తుంటే నాకు బాధగా ఉంది.

ఇక ఆ ఉత్తరాల్లో ఏముండేదో తెలియాలంటే అచ్చుపని తెలియాలి. ఒక ఫారం అంటే 16 పేజీలు. తెలుగు టైపు కేసులో అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల రకాల అక్షరాలు. చిన్న ప్రెస్సులో ఆ సీసపు టైపు రెండు మూడు ఫారాలకు మించి చాలేది కాదు. పుస్తకమంతా ఒకేసారి కంపోజు చేసి పెట్టడం కుదరదు. ఒక ఫారం కూర్చి, ప్రూఫు లాగి, రచయితకు బుక్‌పోస్టులో పంపేవారు. ఆయన దిద్ది తిరుగు టపాలో పంపితే తప్పులు సరిచేసి, మిషనెక్కించి, కాపీలన్నీ అచ్చయ్యాక ఆ అక్షరాలు విడగొట్టి మళ్లీ కేసుల్లో వేసేవారు. ఆ టైపుతోనే తర్వాతి ఫారం.

అంటే రచయిత ప్రూఫు నాలుగు రోజులు తొక్కిపెడితే ప్రెస్సులో టైపంతా బిగుసుకుపోయి కూర్చుంటుంది. కంపోజిటర్‌కు పని ఉండదు, ప్రెస్సు యజమాని ప్రచురణకర్త మీద విసుక్కుంటాడు, ప్రచురణకర్త రచయితకు కార్డు రాస్తాడు. ఆ కార్డు మర్యాదగానే మొదలవుతుంది, నమస్కారాలుంటాయి, కుశలప్రశ్నలుంటాయి. రెండో వాక్యానికే ఏడో ఫారం ఎక్కడ అని అడుగుతుంది. అటు నుంచి వచ్చే జవాబులో పిల్లల జ్వరాలు, బదిలీలు, ప్రూఫులో పోయిన ఒక పేరా మీద మొర. కొందరు రచయితలు ప్రూఫు మార్జిన్లలోనే కొత్త వాక్యాలు రాసేవారు. ఒక్క వాక్యం పెరిగితే ఆ పేజీలోంచి రెండు పంక్తులు కిందికి జారతాయి, ఆ జారుడు ఫారం చివరిదాకా పోతుంది. అందుకే ప్రచురణకర్తలు ప్రూఫులో రచన చెయ్యొద్దని బతిమాలేవారు. మనం ఇవాళ తుదిపాఠం అనుకుని చదివే పుస్తకాల్లో ఎన్ని వాక్యాలు ఈ బతిమాలుడు వల్ల ఆగిపోయాయో, ఎన్ని దాన్ని దాటుకుని లోపలికొచ్చాయో ఆ దిద్దిన ప్రూఫులే చెప్పగలవు.

శ్రీశ్రీ మహాప్రస్థానం సంగతి చూడండి. అందులో కవితలు చాలావరకు 1930లలో రాసినవి. చలం రాసిన ముందుమాట ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. పుస్తకం వచ్చింది 1950లో, మచిలీపట్నం నుంచి, నళినీకుమార్ ప్రచురణగా. తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పిన సంపుటి ముందుమాట సిద్ధమయ్యాక పదేళ్లు అచ్చు కోసం ఎదురుచూసింది. చివరికి పూనుకున్నది పెద్ద పేరున్న మద్రాసు సంస్థ కాదు, బందరులోని ఒక సాహిత్యాభిమాని. చిన్న ప్రచురణకర్త అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ఈ నళినీకుమారే. పెట్టుబడి చిన్నది, పట్టుదల పెద్దది, చరిత్రలో దక్కింది అట్ట వెనక ఒక పంక్తి. తర్వాత 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి శ్రీశ్రీ దస్తూరీతోనే మహాప్రస్థానాన్ని అచ్చు వేశారు. కవి చేతిరాతకు విలువ ఉందని ఒక ప్రచురణకర్త గుర్తించిన అరుదైన సందర్భమది.

చలం విజయవాడ విడిచి అరుణాచలం వెళ్లింది 1950లోనే. 1979లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. దాదాపు మూడు దశాబ్దాలపాటు రచయిత రమణాశ్రమం పక్కన, పాఠకులు ఆంధ్రదేశంలో, ఆయన పుస్తకాలను ఎక్కువగా నిలబెట్టిన ప్రచురణకర్తలు విజయవాడలో. అరుణా పబ్లిషింగ్ హౌస్ పేరు చూడకుండా చలాన్ని చదివిన తరం లేదు. ఇంత దూరం మీద ఆ పుస్తకాలు పునర్ముద్రణలు పొందుతూ వచ్చాయంటే నడిపింది తపాలా శాఖే. దీక్షితులు గారికి రాసిన ఉత్తరాల్లో మనకు చలం మనసు కనబడుతుంది. ప్రచురణకర్తలకు రాసినవీ అదే శ్రద్ధతో పోగై ఉంటే ఆ పుస్తకాల బతుకు కూడా కనబడేది.

స్వాతంత్ర్యం తర్వాతి మూడు దశాబ్దాలు బెజవాడ ప్రచురణకు మహర్దశ. గద్దె లింగయ్య ఆదర్శ గ్రంథమండలి అప్పటికే పేరు తెచ్చుకుంది. బొందలపాటి శివరామకృష్ణ దేశి కవితామండలి ద్వారా శరత్ సాహిత్యాన్ని తెలుగిళ్లకు తెచ్చారు. శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులుండేవారంటే అది ఆ అనువాదాల ఘనత. కమ్యూనిస్టుల మీద నిర్బంధం సాగిన 1948 నుంచి 1951 దాకా వారి పత్రిక ప్రజాశక్తి మూతపడింది. ఆ రోజుల్లో ఇంట్లో ఉత్తరాలుంచుకోవడమే ప్రమాదం. ఎవరి ఉత్తరం దొరికితే వాళ్ల ఇంటికి పోలీసులు పోయేవారు, చదివి చింపేయడం అలవాటుగా మారింది. 1952లో విశాలాంధ్ర దినపత్రిక, 1953లో ప్రచురణాలయం వచ్చాయి. ఉత్తరాల్లో సంబోధన మారిపోయింది. బ్రహ్మశ్రీ, మహారాజశ్రీ అన్న చోట కామ్రేడ్ వచ్చి కూర్చుంది. మద్రాసులో చందమామ పనిలో ఉన్న కొడవటిగంటి కుటుంబరావు సాహిత్యాన్ని ఆయన మరణానంతరం కేతు విశ్వనాథరెడ్డి సంపాదకత్వంలో సంపుటాలుగా తెచ్చింది కూడా విశాలాంధ్రే.

బందరులో ఎం.శేషాచలం అండ్ కంపెనీ ఎమెస్కోగా మారి పాకెట్ పుస్తకాలు తెచ్చింది. ఇంటింటా గ్రంథాలయం పథకంతో పాఠకులకు టపాలో నవలలు పంపింది. నవలా రచయిత్రులు ఇంటిల్లిపాదికీ తెలిసిన కాలమది. వారిలో ఎంతోమందికి బయటి ప్రపంచంతో ఉన్న ఏకైక వృత్తిసంబంధం ప్రచురణకర్త ఉత్తరం, దాని వెనక వచ్చే మనియార్డరు. ఇంట్లో మగవాళ్ల పేరు మీద కాకుండా తన పేరు మీద వచ్చిన మొదటి డబ్బు ఎందరికో అదే. తెలుగు స్త్రీల ఆర్థిక చరిత్ర రాసేవాళ్లకు ఆ మనియార్డరు కూపన్ల మీద ప్రచురణకర్త గిలికిన రెండు పంక్తుల కంటే గొప్ప ఆధారం ఏముంటుంది?

నవోదయ రామమోహనరావు గారిది మరో పద్ధతి. ముళ్లపూడి వెంకటరమణ పుస్తకాలు, బాపు అట్టలు అనగానే నవోదయ గుర్తొస్తుంది. బాపురమణలుండేది మద్రాసులో, పుస్తకం విజయవాడలో. అట్ట బొమ్మ రావాలి, అక్షరాలు రావాలి, బ్లాకు చేయించాలి, రంగులు కుదరాలి. పుస్తకం అందంగా ఉండటం కూడా పాఠకుడి హక్కే అని నమ్మిన ప్రచురణకర్త ఆయన. రచయితతో స్నేహం ముందు, లెక్క తర్వాత అన్న తీరు తెలుగు ప్రచురణలో అంతగా మరెక్కడా కుదరలేదని నా అభిప్రాయం.

ఈ కథలో చీకటి కూడా ఉంది. ఎందరో రచయితలు కాపీరైటును ఏకమొత్తానికి అమ్ముకున్నారు. పిల్ల పెళ్లికో, వైద్యానికో అవసరపడి వంద రూపాయలకు రాసిచ్చిన పుస్తకం తర్వాత పది ముద్రణలు పొందినా ఇంటికి పైసా రాలేదు. అటువైపు ప్రచురణకర్తదీ సుఖమైన బతుకు కాదు. కాగితం ధర, ఏజెంట్ల బకాయిలు, గ్రంథాలయ సంస్థల బిల్లులు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ఇంటిపన్ను మీద సెస్సు పెట్టింది. ఆ డబ్బు గ్రంథాలయాలకు సక్రమంగా చేరినప్పుడు పుస్తకాలు వెలువడ్డాయి, ఆగినప్పుడు ప్రచురణకర్తలు అప్పులపాలయ్యారు. ఎవరు ఎవరికి బాకీ అన్నది తేల్చాల్సిన ఉత్తరాలే పోయాయి కనుక నోటిమాట నిందలే మిగిలాయి, ఇది ఇద్దరికీ అన్యాయం.

1990లలో డీటీపీ వచ్చింది, సీసపు టైపు తూకానికి వెళ్లింది. టెలిఫోను, తర్వాత సెల్‌ఫోను వచ్చి ఉత్తరాన్ని ఆపేశాయి. ఇప్పుడు ప్రూఫులు వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వెళ్తాయి, జవాబు గొంతు సందేశంగా వస్తుంది, ఫోను మారిస్తే అన్నీ పోతాయి. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ ఎత్తేసింది. చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టాక 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ సేవ మొదలైంది.

ఉత్తరాలను కాపాడుకున్న ప్రచురణకర్తలూ ఉన్నారు. ఇంగ్లండులో జాన్ మర్రీ అనే ప్రచురణ సంస్థ 1768లో మొదలైంది. 1824లో ఆ ఇంటి పొయ్యిలోనే బైరన్ స్వీయచరిత్ర రాతప్రతిని తగలబెట్టారు. ఆ తప్పు చేసిన ఇల్లే బైరన్‌తో సహా వందలమంది రచయితల ఉత్తరాలను తరతరాలు కాపాడింది. 2006లో స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం 3 కోట్ల పౌండ్లకు పైగా పెట్టి ఆ భాండాగారాన్ని కొన్నది. మనం అంత డబ్బు తేలేం, నిజమే. కానీ కథకుడు కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టినప్పుడు ఆయన దగ్గర కోట్లు లేవు. తెలుగు కథకు ఒక ఇల్లు కట్టారు. గురజాడ సమస్త రచనలను 2012లో ‘గురుజాడలు’గా తెచ్చిన మనసు ఫౌండేషన్ వంటి సంస్థలూ మన మధ్యే ఉన్నాయి. పని చేయగల చేతులున్నాయి, వాటికి కాగితాలు అందాలి.

డెల్టాలో కాగితానికి చెద, తేమ, వరద మూడూ శత్రువులే. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ మనుషులనే పోగొట్టుకుంది, కాగితాల లెక్క ఎవరు చూస్తారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు అటకల కింద ఉన్న పుస్తకాలు, ఫైళ్లు తడిసి ముద్దయ్యాయి. మిగిలినవాటికీ ఎక్కువ వ్యవధి లేదు.

అందుకే ప్రచురణకర్తల కుటుంబాలకు ఒక విన్నపం. పాత బీరువాలు ఖాళీ చేసేటప్పుడు కార్డుల కట్టలు, ప్రూఫులు, రాయల్టీ ఖాతాలు, మనియార్డరు రసీదులు విడిగా తీసి పెట్టండి. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అచ్చు వేసే హక్కు రాసినవారి వారసులది. కాబట్టి కాగితాన్ని గ్రంథాలయానికి ఇవ్వడానికి మీకు ఏ అడ్డూ లేదు. రచయితల పిల్లలకూ ఇదే మాట, మీ దగ్గరున్న ప్రచురణకర్తల జవాబులు లేకుండా ఆ సంభాషణ సగమే అవుతుంది. పటమటలో సర్వోత్తమ గ్రంథాలయం ఉంది, వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం ఉంది. 1989 నుంచి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం జరిపే నిర్వాహకులు ఒక్క స్టాలు అమ్మకానికి కాకుండా ఇలాంటి కాగితాలు స్వీకరించడానికి, అక్కడికక్కడే స్కాన్ చేసి అసలు తిరిగి ఇచ్చేయడానికి కేటాయించాలి. మీ ఇంట్లో ఒక్క కార్డు ఉన్నా సరే, పారేయకుండా తీసుకురండి.